కంపవాతమునకు డోపమైను పూరకౌషధము: తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగువారికి వివరణ

మద్రాసు నుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున మొదట తిరువళ్ళూరును, అరక్కోణము దాటిన పిమ్మట తిరుత్తణియు వచ్చును. ఈ రెండు క్షేత్రముల నడుమను, వాని చుట్టుపట్లను తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. తిరుత్తణి తాలూకా 1960 మార్చి నెలాఖరు వరకు చిత్తూరు జిల్లాలోనిది. సరిహద్దుల మార్పు వలన ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలో చేరెను. 1997లో ఆ జిల్లాను విభజించి తిరువళ్ళూరు జిల్లాను ఏర్పరచిరి. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, వైద్యుని చీటిపై ఇంగ్లీషు: ఈ ప్రాంతపు తెలుగు వృద్ధులలో పెక్కుమంది స్థితి ఇది.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామిని భక్తులు వైద్య వీరరాఘవుడని కొలుతురు. అమావాస్యనాడు హృత్తాపనాశిని యను పుష్కరిణిలో బెల్లము వేసి, అది నీట కరగినట్లు తమ వ్యాధియు కరగునని విశ్వసింతురు. ఆ విశ్వాసము మనస్సునకు ధైర్యము నిచ్చును. కాని కొన్ని వ్యాధులయందు ధైర్యముతో పాటు దినదినమును, పూటపూటకును తప్పని ఔషధసేవ కావలసియుండును. కంపవాతము, అనగా నేటి వైద్యులు పార్కిన్సను వ్యాధి యని పిలుచునది, అట్టివానిలో ముఖ్యమైనది.

ఈ వ్యాధికి ప్రధానమైన మందు లభించుచునే యున్నది. మందు దొరకక చెడువారికంటె, మందును గూర్చిన అపార్థము వలన చెడువారిని గూర్చి ఎక్కువగా ఆలోచింపవలసి యున్నది. “మాత్ర వేసినను మరల వణుకు వచ్చుచున్నది గనుక ఇది పనిచేయుట లేదు” అని మానినవారు కొందరు. “ఇప్పుడే మొదలుపెట్టినచో తరువాత పనిచేయదు” అని భయపడి కాళ్ళు బిగిసినను ఓర్చుకొనువారు మఱికొందరు. ఈ రెండు భ్రమలును ఒకే మూలము నుండి పుట్టినవి: ఆ మాత్ర శరీరమున ఏమి చేయునో తెలియకపోవుట. దానిని తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

వ్యాధి స్వరూపము

1817లో లండనునందు జేమ్సు పార్కిన్సను అను వైద్యుడు ఆరుగురు రోగులను పరిశీలించి ఈ వ్యాధిని వర్ణించుచు ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. తరువాత ఫ్రాన్సు దేశీయుడైన షార్కో యను నాడీవైద్యుడు దీనికి ఆయన పేరు పెట్టెను. మన దేశమున ఈ లక్షణములు అంతకు పూర్వమే తెలిసినవి. ఆంధ్రదేశపు వైద్యులు ప్రమాణముగా వాడిన బసవరాజీయమునందు కంపవాత మను పేరున, కాలుసేతుల వణుకు, దేహబాధ, నిద్రాభంగము, బుద్ధి క్షీణించుట చెప్పబడినవి. తమిళమున దీనిని నడుక్కువాద మందురు.

పేరులో కంపము ఉన్నను వణుకొక్కటియే ఈ వ్యాధి కాదు. కదలికలు మందగించుట దీని ముఖ్యలక్షణము. దానితో అవయవముల బిగువు గాని, విశ్రాంతిగా ఉంచిన చేతిలో వణుకు గాని, రెండును గాని ఉండును. సామాన్యముగా ఇవి ఒక ప్రక్కనే మొదలగును. మగ్గము ముందు కూర్చుండు నేతగానికి ఒక చేయి వెనుకబడును, లెక్కలు వ్రాయువాని అక్షరములు పంక్తి చివరకు వచ్చుసరికి చిన్నవగును, నడచునప్పుడు ఒక చేయి ఊగుట మానును, ముఖమున భావము తగ్గును, కంఠస్వరము సన్నగిల్లును. వాసన తెలియకపోవుట, మలబద్ధకము, నిద్రలో కేకలు వేయుట, చేతులు విసరుట కొందరిలో ఇంతకు ఎన్నో ఏండ్ల ముందే కనబడును.

వణుకు బొత్తిగా లేని రోగులును ఉందురు. వణకు ప్రతి చేయియు ఈ వ్యాధిది కాదు. ఒడిలో ఊరక ఉంచిన చేయి వణకి, చెంబు ఎత్తగానే తగ్గుట కంపవాతమున తరచుగా కనబడును. చెంబు ఎత్తునప్పుడే వణకుట పెక్కుసార్లు వేఱొక జాతి వణుకు. దానికి మందులు వేఱు. కావున పొరుగువాని మాత్రను అడిగి వేసికొనుట ఎంతమాత్రము తగదు.

మెదడులోని లోటు

మెదడు కాండము పైభాగమున నల్లని వన్నెగల చిన్న ప్రదేశ మొకటి కలదు. అందలి నాడీకణములు డోపమైను అను ద్రవ్యమును తయారుచేసి, తమ పొడవైన తంతువుల ద్వారా మెదడులోతున గల మఱియొక భాగమునకు పంపుచుండును. కదలిక సులువుగా మొదలగుటకు, తగిన వేగముతో సాగుటకు ఆ ద్రవ్యము అవసరము. కంపవాతమున ఈ నల్లని కణములు క్రమముగా నశించును. లక్షణములు బయటపడు నాటికే ఆ కణములలో సగము గాని అంతకు మించి గాని నశించి, అవి డోపమైనును అందించు చోట దాని మట్టము నూటికి 70 మొదలు 80 పాళ్ళు తగ్గియుండునని పరిశోధకులు లెక్కించిరి. అనగా శరీరము చిరకాలము లోటును సర్దుకొని, సర్దుకొనలేనప్పుడే మొఱపెట్టుచున్నది.

తిరువళ్ళూరు జిల్లావారికి పూండి జలాశయము ఎఱుకయే. 1944లో కొసస్థలి నదిపై కట్టిన ఆ జలాశయమునకు 1996 నుండి తెలుగు గంగ కాలువ ద్వారా కృష్ణానీరును వచ్చుచున్నది. జలాశయము నిండుగా ఉన్నంతకాలము కాలువలో నీరు రెండు దినములు రాకున్నను దిగువవారికి తెలియదు. జలాశయమే పూడి చిన్నదైనచో కాలువ పారినంతసేపే నీరు. అది ఆగగానే కరవు. మెదడులోని నాడీకణములు డోపమైనుకు తయారీశాలలే కాక అట్టి జలాశయములు కూడ. ఈ పోలికను మనస్సున ఉంచుకొన్నచో ముందు చెప్పబోవు విషయములు పెక్కు సులభముగా బోధపడును.

ఔషధము కనుగొనబడిన విధము

శరీరము డోపమైనును లీవోడోపా అను పదార్థము నుండి తయారుచేసికొనును. 1913లో గుగ్గెన్‌హైమ్ అను రసాయనజ్ఞుడు స్విట్జర్లాండులో ఒక జాతి చిక్కుడు గింజల నుండి లీవోడోపాను వేఱుచేసెను. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి అను ఇరువురు శాస్త్రజ్ఞులు అదే పదార్థమును దూలగొండి గింజల నుండి వేఱుచేసి ప్రకటించిరి. పొదలపై ప్రాకి, కాయల నూగు తగిలినచో ఒడలెల్ల దురద పుట్టించు తీగయే దూలగొండి, సంస్కృతమున ఆత్మగుప్త, కపికచ్ఛువు, తమిళమున పూనైక్కాలి. తిరువళ్ళూరునకు నలువది కిలోమీటర్ల దూరముననే కంపవాతపు మందు 1937లో సీసాలో ఉండెను. కాని అది దేనికి మందో అప్పటికి లోకమున ఎవరికిని తెలియదు.

అది తెలియుటకు ఇరువది యేండ్లు పట్టెను. అందును భారతదేశపు మూలిక యొకటి తోడ్పడెను. సర్పగంధ వేరునుండి 1952లో రెసర్పిను అను రక్తపుపోటు మందును వేఱుచేసిరి. స్వీడను దేశీయుడైన అర్విద్ కార్ల్‌సన్ దానిని కుందేళ్ళకు ఇచ్చినప్పుడు అవి కదలక మెదలక పడియుండెను; లీవోడోపా నిచ్చినంతనే లేచి తిరుగాడెను. ఈ సంగతి 1957లో ప్రకటితమయ్యెను. కార్ల్‌సన్ 2000లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. 1960లో వియన్నా నగరమున ఎరింగర్, హోర్నికీవిచ్ అనువారు కంపవాతముతో మరణించినవారి మెదడులలో డోపమైను మిక్కిలి తగ్గియున్నదని నిరూపించిరి. 1961లో బిర్క్‌మాయరుతో కలిసి హోర్నికీవిచ్ రోగుల రక్తనాళముల లోనికి లీవోడోపా ఎక్కించగా, మంచము విడువలేనివారు లేచి నడచిరి. కాని ఫలము కొన్ని గంటలే నిలిచెను. 1967లో అమెరికాలో కొట్సియాస్ అను వైద్యుడు నోటిద్వారా ఇచ్చు మందును కొలదిగా మొదలుపెట్టి మెల్లమెల్లగా హెచ్చించుచు, ఆ ఫలమును నిలుపుకొను మార్గము చూపెను. దినదినము వాడదగిన చికిత్సగా అది ప్రపంచమున వ్యాపించినది అప్పటినుండియే.

మాత్రలో రెండు మందులు ఏల?

లోపించినది డోపమైను గదా, దానినే ఇవ్వరాదా యని ప్రశ్న పుట్టును. రక్తమునకును మెదడునకును నడుమ నొక అడ్డుగోడ వంటి యేర్పాటు కలదు. డోపమైను దానిని దాటజాలదు, లీవోడోపా దాటగలదు. అందుచే లీవోడోపాను లోనికి పంపి, మెదడుచేతనే డోపమైనుగా మార్పించుట ఈ చికిత్స కీలకము.

ఇందొక చిక్కు కలదు. లీవోడోపాను డోపమైనుగా మార్చు ఎంజైము మెదడులోనే కాక ప్రేవులలోను, కాలేయమునందును, తదితరావయవములందును ఉన్నది. లీవోడోపా ఒక్కటియే మ్రింగినచో పెద్దభాగము దారిలోనే మారిపోవును. నూటికి సుమారు ఒక పాలు మాత్రమే మెదడు చేరును. బయట పుట్టిన డోపమైను వాంతియు, వికారమును, రక్తపుపోటు తగ్గుటయు కలిగించును. దీనికి విరుగుడుగా కార్బిడోపా అను రెండవ మందును చేర్చిరి. ఇది మెదడు బయటి ఎంజైమును అడ్డగించును; తాను మెదడులోనికి పోదు. ఈ తోడు వలన తక్కువ మందుతో ఎక్కువ ఫలము సిద్ధించెను. ఈ జంట మాత్ర 1975లో అమెరికాలో వాడుకకు వచ్చెను. కార్బిడోపాకు బదులు బెన్‌సెరజైడు చేర్చిన మాత్రలును కలవు.

మన అంగళ్ళలో దొరకు మాత్రల పొట్లములపై 110, 125, 275 అను అంకెలు కనబడుచుండును. ఇవి రెండు మందుల మిల్లీగ్రాముల మొత్తము. 110 అనగా లీవోడోపా 100, కార్బిడోపా 10. 125 అనగా 100, 25. 275 అనగా 250, 25. బయటి ఎంజైమును చక్కగా అడ్డగించుటకు సామాన్యముగా దినమునకు 70 మొదలు 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావలసియుండును. 125 మాత్రలు మూడు వేసికొనువానికి 75 మిల్లీగ్రాములు అందును. 110 మాత్రలు మూడు వేసికొనువానికి 30 మాత్రమే. రెంటిలోను లీవోడోపా సమానమే అయినను రెండవవానికి వికారము ఎక్కువగా కలుగవచ్చును. “110 లేదు, 125 తీసికొనుము, అంతయు నొకటే” యని అంగడివాడు చెప్పినను, “275 సగము విఱిచి వేసికొనుము” అని బంధువు చెప్పినను వైద్యుని అడుగక మార్చరాదు. వైద్యుడు వ్రాసిన అంకె ఏదియో ఇంటివారికి తెలిసియుండవలయును.

భోజనము, ఉపవాసము, గడియారము

లీవోడోపా అమైనో ఆమ్లముల జాతికి చెందినది. పప్పు, పెరుగు, పాలు, గ్రుడ్డు, మాంసము మొదలగువానిలోని మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లములుగానే మారును. చిన్నప్రేవు గోడను దాటుటకును, మెదడు అడ్డుగోడను దాటుటకును ఈ యుభయులకు ద్వారము ఒకటియే. పప్పన్నము, పెరుగన్నము తిని వెంటనే మాత్ర మ్రింగినచో, ఇఱుకు ద్వారమున తిరునాళ్ళ జనమువలె అన్నియు త్రోసుకొని, మందు వెనుకబడును. కావున భోజనమునకు అరగంట ముందు గాని, తిన్న గంట తరువాత గాని వేసికొమ్మని చెప్పుదురు. మొదటి దినములలో వికారము కలిగినచో ఒకటి రెండు బిస్కత్తులతోనో, చిన్న ఇడ్లీతోనో వేసికొనవచ్చును. ఇనుము చేరిన రక్తపుష్టి మాత్రలును ఈ మందును ప్రేవులో బంధించును. వానికిని దీనికిని కనీసము రెండు గంటల యెడము ఉండవలయును. మలబద్ధకమున్నచోటను మందు ఆలస్యముగా పనిచేయవచ్చును గనుక దానికిని చికిత్స అవసరము.

ఇందువలన మాంసకృత్తులను మానుమని అర్థము కాదు. వృద్ధులు వానిని మానినచో కండలు కరగి మఱింత కూలుదురు. మధ్యాహ్నము తిన్న తరువాత మందు పట్టుట లేదని స్పష్టముగా కనబడు రోగులకు మాత్రము, పప్పును పెరుగును ఎక్కువభాగము రాత్రిభోజనమునకు మార్చుటను గూర్చి వైద్యులు యోచింతురు.

ఉపవాసములను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు ఎత్తువారు, అమావాస్యకు తిరువళ్ళూరు పుష్కరిణి మెట్లపై రాత్రి గడుపువారు ఆహారముతో పాటు మాత్రలును మానుట కలదు. కంపవాత రోగికి ఇది ప్రమాదము. ఈ మందును హఠాత్తుగా మానినచో శరీరమంతయు కొయ్యవలె బిగిసి, తీవ్రజ్వరము వచ్చి, స్పృహ తప్పి, ప్రాణము మీదికి వచ్చుట అరుదుగానైనను కలదు. రోగికి వ్రతమున సడలింపు నిచ్చుట మన పెద్దల ఆచారమే. మాత్ర నీటితో మ్రింగదగినది. దానికి అన్నము అక్కఱలేదు. శస్త్రచికిత్సకై ఆసుపత్రిలో చేరునప్పుడును ఇట్లే. “నోట ఏమియు పెట్టరా”దని చెప్పినచో, ఈ మందును గూర్చి ముందుగనే శస్త్రవైద్యునకు తెలిపి, ఏర్పాటు చేయించుకొనవలయును.

కాలక్రమమున కలుగు మార్పులు

మందు మొదలుపెట్టిన తొలి యేండ్లలో రోగి దినమంతయు ఒక్కరీతిగా ఉండును. మాత్ర ఒక గంట ఆలస్యమైనను భేదము తెలియదు. రక్తమున లీవోడోపా గంట, గంటన్నరలో సగమునకు తగ్గిపోవుచునే యున్నను, మిగిలిన నాడీకణములు డోపమైనును దాచి కొంచెము కొంచెముగా విడుచును. ఇది నిండు జలాశయపు దశ. ఏండ్లు గడచినకొలదియు జలాశయము చిన్నదగును. అప్పుడు మాత్ర వేసిన అరగంటకో, ముప్పావుగంటకో ఒడలు తేలికపడుటయు, రెండు మూడు గంటలకు మరల బిగియుటయు స్పష్టముగా తెలియును. “ప్రొద్దున నడచినవాడు ఇప్పుడు నడువడేల? వేషము” అని కోడలు గాని కొడుకు గాని విసుగుకొనుట ఈ దశలోనే. అది వేషము కాదు, మందు ఆటుపోటు. ఏ వేళ మాత్ర వేసిరో, ఏ వేళ ఒడలు విడిచెనో, ఏ వేళ మరల బిగిసెనో మూడు దినములు కాగితముపై వ్రాసి చూపినచో, వైద్యుడు మోతాదును చిన్నచిన్న భాగములుగా విభజించి వేళలు సరిదిద్దగలడు.

మఱియొక మార్పు అనిచ్ఛాచలనములు. మందు హెచ్చుగా పనిచేయు వేళ మెడ, చేతులు, నడుము నాట్యము చేయునట్లు మెలికలు తిరుగును. చికిత్స మొదలైన నాలుగు మొదలు ఆరేండ్లకు పదుగురిలో సుమారు నలుగురికి ఇవి కలుగునని పరిశీలనలు తెలుపుచున్నవి. ఇంటివారు దీనిని వణుకు ముదిరినదని భ్రమించి మఱియొక మాత్ర ఇచ్చినచో అవి ఇంకను హెచ్చును. రెంటికిని భేదము తెలిసికొనుటకు మాత్ర వేసిన వేళను చూడవలయును.

ఈ మార్పులకు భయపడియే పెక్కుమంది మందును వాయిదా వేయుదురు. ఈ భయమునకు తగిన ఆధారము లేదు. ఆఫ్రికాలోని ఘనా దేశమున రోగులకు మందు చాల ఆలస్యముగా దొరకుచుండెను. ఇటలీలో త్వరగా దొరకుచుండెను. ఉభయులను పోల్చి 2014లో ప్రకటించిన పరిశోధనలో, ఈ చిక్కులు మందు వాడిన కాలమును బట్టి గాక వ్యాధి వయస్సును బట్టియే వచ్చుచున్నవని తేలెను. నెదర్లాండ్సులో జరిగి 2019లో ప్రకటితమైన పరిశోధనలో, మందును ముందు మొదలుపెట్టినవారికిని 40 వారములు ఆలస్యముగా మొదలుపెట్టినవారికిని ఏడాదిన్నర తరువాత భేదము కనబడలేదు. మందు వ్యాధిని ముదిరింపలేదు, ఆపనూ లేదు. కావున పనికిని నడకకును అడ్డము కలిగినప్పుడు మందు మొదలుపెట్టుటయే యుక్తము. దాచుకొన్నచో రేపటికి మిగులు సొమ్ము కాదు అది.

తోడి మందులు, విరోధి మందులు

లీవోడోపా కాక మఱికొన్ని మందులు ఈ లోటును వేఱు మార్గముల తీర్చును. ప్రమిపెక్సోలు, రోపినిరోలు అనునవి తామే డోపమైనువలె నటించును. సెలిజిలిను, రసాజిలిను ఉన్న డోపమైను త్వరగా నశింపకుండ చూచును. ఎంటకపోను లీవోడోపా ఫలమును కొంత పొడిగించును. దానితో మూత్రము ఎఱ్ఱబారిన నారింజవన్నెలో వచ్చినచో భయపడ నక్కఱలేదు. అమాంటడిను అనిచ్ఛాచలనములను తగ్గించును. ట్రైహెక్సిఫెనిడిలు వణుకునకు వాడు పాతమందు; వృద్ధులలో మతిమఱుపు, కలవరము, మూత్రబంధము కలిగించును గనుక నేడు మిక్కిలి జాగ్రత్తతో వాడుదురు.

డోపమైనువలె నటించు మందులతో ఒక విచిత్రమైన చిక్కు కలదు. కొందరిలో కోరికలకు అదుపు తప్పును. జన్మమున పేకముక్క ముట్టనివాడు పందెములకు దిగుట, అక్కఱలేని వస్తువులను కొనుట, అతిగా తినుట, కామము హెచ్చుట కనబడవచ్చును. కుటుంబములు సిగ్గుపడి దీనిని కప్పిపుచ్చును. మనిషి చెడిపోయెనని కుందును. ఇది శీలదోషము కాదు, మందు ఫలము. వైద్యునకు చెప్పినచో మోతాదు తగ్గించి గాని, మందు మార్చి గాని దీనిని చక్కబెట్టగలడు. లేని మనుష్యులు కనబడుట, పురుగులు ప్రాకునట్లు తోచుట కూడ దయ్యముల పనిగా భావింపక వైద్యునకే చెప్పదగినవి.

విరోధి మందులును కలవు. వాంతికి ఇచ్చు మెటోక్లోప్రమైడు, ప్రోక్లోర్‌పెరజిను, మనోవికారములకు ఇచ్చు హాలోపెరిడోలు డోపమైనుకు అడ్డుపడును. తలతిరుగుటకు వాడు సిన్నరిజిను, ఫ్లునరిజిను అనునవి దీర్ఘకాలము వాడినచో, వ్యాధి లేనివారిలో సైతము కంపవాత లక్షణములను పుట్టించగలవు. అట్టి లక్షణములు ఆ మందు మానిన కొన్ని వారములకో నెలలకో పెక్కుసార్లు తగ్గిపోవును. అందుచే క్రొత్తగా బిగువు, మాంద్యము కనబడిన వృద్ధుని మందుల సంచి అంతయు వైద్యుని ముందు బోర్లించుట మొదటి పని.

దూలగొండి పొడి

దూలగొండి గింజలలో లీవోడోపా ఉన్నదని తెలిసిన పిమ్మట సహజముగా ఒక ప్రశ్న వచ్చును: ఆ పొడినే వాడరాదా? ప్రాచీన వైద్యమున కపికచ్ఛువు బలకరమైనదిగాను, వాజీకరణముగాను ప్రసిద్ధము. కంపవాతమున దాని ఫలమును ఆధునిక పద్ధతిలో పరిశీలించిన ప్రయత్నములు కలవు. 1978లో బొంబాయి వైద్యులును, 1995లో 60 మంది రోగులపై మఱియొక బృందమును అనుకూల ఫలములు ప్రకటించిరి. 2004లో లండనులో ఎనమండుగురిపైనను, 2017లో బొలీవియాలో పదునెనమండుగురిపైనను జరిగిన పోలికలలో ఆ పొడి మాత్రకు దీటుగా పనిచేసినట్లు కనబడెను. కాని ఇవన్నియు కొలదిమందిపై కొద్దికాలము జరిగినవి.

పొడిలో ఉన్నది మందే గనుక దానికిని మందు ప్రమాదములు కలవు. గింజలలో లీవోడోపా సామాన్యముగా నూటికి 3 మొదలు 6 పాళ్ళు. నేలను, జాతిని బట్టి మారును. అంగడి పొట్లములో ఎంత ఉన్నదో తెలియదు. అందు కార్బిడోపా లేదు. ఇదివఱకే మాత్రలు వాడువాడు రహస్యముగా ఈ పొడిని కూడ సేవించినచో మోతాదు రెట్టింపై వాంతులు, భ్రాంతులు, అనిచ్ఛాచలనములు రావచ్చును. వైద్యునకు కారణము తోచదు. మూలికను గౌరవించుట యనగా దానిని బలమైన మందుగా గుర్తించుటయే. వాడినను, వాడదలచినను వైద్యునకు దాచరాదు.

మందు చేయలేనిది

డోపమైను పూరకౌషధము మాంద్యమును, బిగువును చక్కగా తగ్గించును. వణుకును కొందరిలో పూర్తిగా, కొందరిలో కొంతగా తగ్గించును. శరీరపు సమతూకము తప్పుట, పడిపోవుట, మాట స్పష్టత పోవుట, మలబద్ధకము, మతిమఱుపు మొదలగునవి పెక్కుసార్లు దానికి లొంగవు. ఏలయన వ్యాధి డోపమైను కణములతో ఆగక మెదడులోని ఇతర భాగములకును ప్రాకును. ఇట్టివానికి వ్యాయామము, నడకశిక్షణ, ఇంటిలోని జాగ్రత్తలు అవసరము. లేచినంతనే రక్తపుపోటు తగ్గి తల తిరుగువారు, మొదట మంచముపై కొంతసేపు కూర్చుండి పిమ్మట లేవవలయును.

నడకలో వింత యొకటి కలదు. చదునైన నేలపై, గడపకడ కాళ్ళు అంటుకొనిపోయినట్లు నిలిచిపోవు రోగి, మెట్లను మాత్రము చకచక ఎక్కగలుగుట చూడవచ్చును. తిరుత్తణి స్వామి గుడికి 365 మెట్లు. అట్టి మెట్లలో ప్రతి అంచును కంటికి ఒక గుఱుతు. చెడిన భాగము ద్వారా పుట్టవలసిన అడుగు, కంటి గుఱుతును చూచి వేఱుమార్గమున పుట్టుచున్నది. దీనిని ఆధారముగా గొని నేలపై అడుగున కొక అడ్డగీత గీసి, దానిని దాటుమని నేర్పుదురు. వాకిట ముగ్గు వేయు చేతులకు గడపకడ నాలుగు సుద్దగీతలు గీయుట కష్టము కాదు. అయితే మెట్లు దిగునప్పుడు పడు ప్రమాదము ఎక్కువ. తోడు లేక దిగరాదు.

ఇంటివారు చేయదగినది

ప్రపంచమున 2019లో 85 లక్షలకు మించి ఈ వ్యాధిగ్రస్తులున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఆ సంస్థ అత్యవసరౌషధముల పట్టికలోను, భారతదేశపు పట్టికలోను లీవోడోపా, కార్బిడోపా జంట కలదు. తిరువళ్ళూరున 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయ్యెను. చెన్నై సెంట్రల్ స్టేషనునకు ఎదుటనే ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నాడీవైద్య విభాగము చిరకాలముగా పనిచేయుచున్నది. ఈ రెండు పట్టణముల వారికి రైలు సౌకర్యము కలదు.

వైద్యుని చేరిన పిమ్మట రోగి మాటయే ముఖ్యము. వణకుట, బిగియుట, మందగించుట, నిలిచిపోవుట, మెలికలు తిరుగుట: ఇవి ఐదు వేర్వేరు బాధలు, వేర్వేరు చికిత్సలకు దారులు. తెలుగే తెలిసిన అవ్వ “ఒళ్ళు బాగుండలే” దని యొక్కమాట చెప్పగా, వెంటవచ్చిన మనుమడు దానిని తమిళమున “నడుక్క” మని ఒక్కమాటగా మార్చినచో, ఆ ఐదును ఒకటైపోవును. అందుచే మనుమడు ముందుగా ఇంటివద్దనే ఆమెను విచారించి, ఏ బాధ ఏ వేళ కలుగుచున్నదో వ్రాసికొని పోవలయును. మాత్రల పేర్లు, అంకెలు, వేళలు వ్రాసిన కాగితము నొకటి రోగి జేబులోనో కొంగుముడిలోనో ఎల్లప్పుడు ఉంచవలయును. మాత్రలు అయిపోవుటకు వారము ముందుగనే తిరిగి తెచ్చుకొనవలయును.

వీరరాఘవునకు బెల్లము సమర్పింపవచ్చును. తిరుత్తణికి మ్రొక్కు చెల్లింపవచ్చును. ఆ ప్రయాణమున మాత్రల పొట్లమును, గడియారమును, ఒక చెంబు నీటిని మఱువక వెంట తీసికొనిపోవలయును.